యాదృచ్ఛికంగా బయటపడే అధివృక్క గ్రంథి కణితులు: పరీక్ష, నిర్ణయం, చికిత్స

వ్యాససంగ్రహం:
వేరొక కారణంతో తీసిన స్కానింగులో అనుకోకుండా కనిపించే అధివృక్క గ్రంథి కణితులు నేటి వైద్యంలో తరచుగా ఎదురవుతున్న సమస్య. వీటిలో అధికభాగం హాని చేయనివే. కొద్దిపాటి భాగం మాత్రం హార్మోన్లను అధికంగా స్రవించేవి లేదా క్యాన్సరు స్వభావం కలవి. ఈ రెండింటినీ వేరుచేసే పద్ధతిని, దాని వెనుక ఉన్న శరీరధర్మ శాస్త్ర కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది. పాశ్చాత్య మార్గదర్శకాలను సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట్ వంటి ప్రాంతపు రోగులకు అన్వయించేటప్పుడు క్షయ, శిలీంధ్ర వ్యాధులు, విచ్చలవిడి స్టెరాయిడ్ వాడకం ఏ విధంగా అడ్డుపడతాయో చర్చిస్తుంది.

కీలకపదాలు: అధివృక్క గ్రంథి, ఇన్సిడెంటలోమా, సి.టి. స్కాన్, కార్టిసాల్, ఫియోక్రోమోసైటోమా, క్షయ, గాంధీ ఆసుపత్రి.

1. ఉపోద్ఘాతం

పునరుద్ధరించిన మెట్లబావి వల్ల ఇటీవల అందరికీ తెలిసిన బన్సీలాల్‌పేట్‌కు గాంధీ ఆసుపత్రి కొద్ది దూరంలోనే ఉంది. 1954లో ప్రారంభమైన గాంధీ వైద్య కళాశాలకు అనుబంధమైన ఈ ఆసుపత్రి 2003లో సికింద్రాబాద్ రైల్వే స్టేషను ఎదుటి పాత భవనాల నుంచి ముషీరాబాద్ ప్రాంగణానికి తరలివచ్చింది. బన్సీలాల్‌పేట్, బోయిగూడ, భోలక్‌పూర్, పద్మారావునగర్ వాసులకు పెద్దాసుపత్రి అంటే ఇదే. చుట్టుపక్కల ప్రైవేటు స్కానింగు కేంద్రాలు కూడా అనేకం వెలిశాయి. నడుము నొప్పికో, మూత్రపిండంలో రాయి అనుమానానికో సి.టి. స్కాన్ తీయించుకోవడం ఒక తరం క్రితం అరుదు. నేడది సాధారణ విషయం.

విషయ వివరణ కోసం ఒక ఊహాత్మక ఉదాహరణను గ్రహించవచ్చు. బన్సీలాల్‌పేట్‌లో నివసించే 52 ఏళ్ల గృహిణి. కుడి పక్కటెముకల కింద నొప్పి వస్తే రాయి కోసం స్కాన్ తీశారు. రాయి 5 మి.మీ. ఉంది, అది తనంత తానే పడిపోయింది. కానీ రిపోర్టు చివరి వాక్యంలో ఎడమ అధివృక్క గ్రంథిలో 23 మి.మీ. నాడ్యూల్ ఉన్నదని రాశారు. ఆ మాటను ఇంట్లో ఎవరో ‘గడ్డ’ అని చదివి చెప్పారు. తెలుగునాట గడ్డ అన్న మాటకు ప్రజల మనసులో క్యాన్సరు అనే అర్థమే ముందు స్ఫురిస్తుంది. అక్కడి నుంచి రెండు తప్పులకు అవకాశం ఉంది. భయంతో అక్కరలేని శస్త్రచికిత్సకు పరుగెత్తడం ఒకటి. రాయి పోయింది గదా అని ఆ కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మరచిపోవడం రెండవది. మొదటిదాని గురించి వైద్యలోకం తరచుగా మాట్లాడుతుంది. రెండవది జరిగినట్లు సాధారణంగా ఎవరికీ తెలియనే తెలియదు.

2. పదం, పరిధి

మూత్రపిండాన్ని సంస్కృతంలో వృక్కం అంటారు. దానిపై ఉండేది అధివృక్కం. లాటిన్ మూలమైన ‘అడ్రినల్’ అన్న పదానికి కూడా మూత్రపిండాన్ని ఆనుకొని ఉన్నది అనే అర్థం. ‘ఇన్సిడెంటలోమా’ అనే పేరును గ్లెన్ గీల్‌హోడ్, ఎడ్వర్డ్ డ్రూయీ 1982లో ప్రచురించిన వ్యాసంతో వైద్య సాహిత్యంలో ప్రచారంలోకి తెచ్చారు. కణితిని సూచించే ‘ఓమా’ ప్రత్యయాన్ని యాదృచ్ఛికతను తెలిపే మాటకు అతికించి చేసిన ఈ పదం వ్యాధి పేరు కాదు. అది కనుగొన్న తీరును మాత్రమే చెబుతుంది. రోగి చీటీపై ఈ పేరు రాసి రోగనిర్ణయం పూర్తయినట్లు భావించడం పొరపాటు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

అధివృక్క వ్యాధి అనుమానం లేకుండా తీసిన స్కానులో 1 సెం.మీ. లేదా అంతకు మించిన పరిమాణంలో కనిపించిన కణితికే ఈ పేరు వర్తిస్తుంది. అప్పటికే క్యాన్సరు ఉన్న రోగిలో వ్యాప్తిని చూడడానికి తీసిన స్కానులో కనిపించినది ఈ పరిధిలోకి రాదు. అక్కడ మరొక అవయవం నుంచి పాకిన క్యాన్సరు అయ్యే అవకాశం చాలా ఎక్కువ. వయసుతో పాటు ఈ కణితులు కనిపించే రేటు పెరుగుతుంది. 30 ఏళ్ల లోపు వారిలో ఇవి నూటికి ఒకటి కూడా ఉండవు. 50 ఏళ్ల ప్రాంతంలో సుమారు 3 శాతం, వృద్ధులలో 10 శాతం వరకు ఉంటాయని స్కాన్ ఆధారిత పరిశీలనలు చెబుతున్నాయి. కోవిడ్ కాలంలో ఛాతీ సి.టి. స్కానులు విరివిగా తీశారు. ఛాతీ స్కాన్ దిగువ చిత్రాలలో అధివృక్క గ్రంథులు కూడా సాధారణంగా పడతాయి. 2020లో కోవిడ్ చికిత్సకు ప్రత్యేకించిన గాంధీ ఆసుపత్రి పరిసరాలలో ఆనాటి స్కాన్ ఫిల్ములు ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. ఊపిరితిత్తుల స్కోరు కోసమే చూసిన ఆ చిత్రాలలో మిగిలినవాటిని ఎంతమంది చదివి ఉంటారన్నది వేరే ప్రశ్న.

3. గ్రంథి నిర్మాణం నుంచి పుట్టే రెండు ప్రశ్నలు

ఒక్కో గ్రంథి బరువు 4, 5 గ్రాములు మాత్రమే. వెలుపలి పొర అయిన వల్కలం కొలెస్టరాల్ నుంచి ఆల్డోస్టిరాన్, కార్టిసాల్, లైంగిక హార్మోన్ల పూర్వరూపాలను తయారుచేస్తుంది. లోపలి దవ్వ అడ్రినలిన్, నారడ్రినలిన్‌లను స్రవిస్తుంది. వీటిలో ఏ భాగం నుంచైనా కణితి పుట్టవచ్చు. అందువల్ల ప్రతి రోగి విషయంలోనూ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకాలి: ఇది క్యాన్సరా? ఇది హార్మోన్లను అదుపు తప్పి స్రవిస్తున్నదా? ఈ రెండూ పరస్పరం స్వతంత్రమైనవి. క్యాన్సరు కాని చిన్న కణితి హార్మోను వల్ల ప్రాణం తీయగలదు. ఏ హార్మోనూ స్రవించని పెద్ద కణితి క్యాన్సరు కావచ్చు.

ఐరోపా, అమెరికా కేంద్రాల లెక్కల ప్రకారం వీటిలో మెజారిటీ వల్కలంలో పుట్టే నిరపాయ అడినోమాలే. ఫియోక్రోమోసైటోమాలు సుమారు 1 నుంచి 5 శాతం. ఆల్డోస్టిరాన్ స్రవించేవి కూడా దాదాపు అంతే. వల్కల క్యాన్సరు వాటికన్నా అరుదు. కార్టిసాల్‌ను స్వల్పంగా, స్వతంత్రంగా స్రవించేవి మాత్రం అనుకున్న దానికన్నా చాలా ఎక్కువ.

4. మొదటి ప్రశ్న: చిత్రం ఏమి చెబుతుంది

సి.టి. యంత్రం రూపకర్త గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. 1979లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. కణజాలం ఎక్స్-కిరణాలను ఎంతగా అడ్డగిస్తుందో తెలిపే కొలమానానికి ఆయన పేరే పెట్టారు. నీటికి 0, గాలికి -1000, కొవ్వుకు సుమారు -100 హౌన్స్‌ఫీల్డ్ ప్రమాణాలు. నిరపాయ అడినోమా కణాలలో హార్మోను తయారీకి ముడిసరుకుగా కొవ్వు పదార్థం నిలవ ఉంటుంది. అందుచేత వాటి సాంద్రత నీటికి దగ్గరగా, 10 లేదా అంతకన్నా తక్కువగా నమోదవుతుంది. క్యాన్సరు కణాలలో, ఫియోక్రోమోసైటోమాలో ఈ కొవ్వు నిలవ ఉండదు. అవి 10 కన్నా ఎక్కువ చూపిస్తాయి.

ఒక్క అంకె ఇంత నిర్ణయాత్మకం కావడం వైద్యంలో అరుదు. ఐరోపా అంతఃస్రావ శాస్త్ర సంఘం, అధివృక్క కణితుల అధ్యయన బృందం కలిసి 2016లో వెలువరించి 2023లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, ఏకరీతిగా ఉండి 10 లేదా అంతకు తక్కువ సాంద్రత చూపిన కణితి పరిమాణం ఎంతైనా నిరపాయమైనదే. దానికి మళ్లీ స్కాన్ అక్కరలేదు. ఈ చివరి మాటను మన వైద్యవ్యవస్థ ఇంకా పూర్తిగా ఒంటపట్టించుకోలేదు. ఆరునెలలకొకసారి స్కాన్ తీయించుకోమనే సలహా రోగికి జాగ్రత్తగా తోస్తుంది. ఆ జాగ్రత్తకు డబ్బు, కిరణాల తాకిడి, తీరని దిగులు మూల్యం.

ఈ అంకె కాంట్రాస్ట్ మందు ఎక్కించకుండా తీసిన స్కానులోనే చెల్లుతుంది. మందు ఎక్కించాక అడినోమా కూడా 60, 70 చూపవచ్చు. రాయి కోసం తీసే సి.టి. కె.యు.బి. సాదా స్కానే కాబట్టి మన ఉదాహరణలోని గృహిణికి కావలసిన సమాధానం ఆమె దగ్గరి ఫిల్ములోనే ఉంది. రేడియాలజిస్టు కొలిచి రాస్తే చాలు. కొత్త స్కాన్ అనవసరం. ఎన్నో రిపోర్టులలో పరిమాణం ఉంటుంది, సాంద్రత ఉండదు. అది కొలవడానికి పట్టే సమయం ఒక నిమిషం కూడా కాదు.

సాంద్రత 11 నుంచి 20 మధ్య ఉండి, కణితి 4 సెం.మీ. కన్నా చిన్నదై ఏకరీతిగా ఉంటే వెంటనే మరొక రకం చిత్రణ చేయవచ్చు, లేదా 12 నెలల తరువాత చూడవచ్చు. 4 సెం.మీ. లేదా అంతకు మించి ఉండి, సాంద్రత 20 దాటినా, లోపల మచ్చలుమచ్చలుగా ఉన్నా క్యాన్సరు అవకాశం పెరుగుతుంది. అటువంటివారి విషయంలో సర్జన్, రేడియాలజిస్టు, ఎండోక్రైనాలజిస్టు కలిసి కూర్చొని నిర్ణయించాలి. సాధారణంగా శస్త్రచికిత్సే మార్గం. మధ్యస్థమైనవాటికి అదనపు చిత్రణ చేసి, తొలగించకపోతే 6 నుంచి 12 నెలలలో మళ్లీ చూస్తారు. అప్పటికి అతి పెద్ద వ్యాసం 20 శాతానికి మించి, కనీసం 5 మి.మీ. పెరిగితే తొలగింపు గురించి ఆలోచించాలి. కాంట్రాస్ట్ మందు ఎంత త్వరగా కణితి నుంచి వెళ్లిపోతుందో కొలిచే ‘వాషౌట్’ పద్ధతి మన నగరాలలో విరివిగా వాడుకలో ఉన్నా, దాని ఆధారాలు బలమైనవి కావు. కొన్ని ఫియోక్రోమోసైటోమాలు ఈ పరీక్షలో అడినోమాల వలెనే ప్రవర్తిస్తాయి.

నిరపాయమని తేలిన కణితి తరువాత క్యాన్సరుగా మారుతుందా అన్నది ప్రతి రోగీ అడిగే ప్రశ్న. 2019లో ప్రచురితమైన ఒక సమగ్ర విశ్లేషణ 4,121 మంది రోగులను పరిశీలించింది. నాలుగేళ్లకు పైబడిన సగటు కాలంలో 10 మి.మీ. లేదా అంతకు మించి పెరిగినవి సుమారు 2.5 శాతం. అధివృక్క క్యాన్సరు ఒక్కరికీ రాలేదు.

5. రెండవ ప్రశ్న: హార్మోన్ల లెక్క

5.1 కార్టిసాల్

కణితి ఉన్న ప్రతి రోగికీ చేయవలసిన పరీక్ష డెక్సామెథసోన్ పరీక్ష. రాత్రి 11 గంటలకు 1 మి.గ్రా. మాత్ర వేసుకొని, ఉదయం 8 గంటలకు రక్తం ఇవ్వాలి. ఆరోగ్యవంతులలో ఈ మందు మెదడులోని పీయూష గ్రంథిని అణచి, అధివృక్కాన్ని నిద్రపుచ్చుతుంది. ఉదయపు కార్టిసాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములు లేదా అంతకు తక్కువైతే కణితి స్వతంత్రించలేదని అర్థం. అంతకు మించి ఉండి, చంద్రబింబం వంటి ముఖం, ఊదారంగు చారలు వంటి కుషింగ్ లక్షణాలు లేకపోతే దానిని స్వల్ప స్వతంత్ర కార్టిసాల్ స్రావంగా వ్యవహరిస్తారు. ఇటువంటివారిలో మధుమేహం, రక్తపోటు, ఎముకల బలహీనత, గుండె జబ్బులు ఎక్కువ. అయితే ఇవన్నీ యాభై దాటిన మన జనాభాలో కణితి లేకున్నా తరచుగా కనిపించేవే. కణితి తీసివేస్తే షుగరు పోతుందని రోగికి హామీ ఇవ్వడం సరికాదు. వయసు, కార్టిసాల్ మోతాదు, అనుబంధ వ్యాధుల తీవ్రత మూడింటినీ తూచి, ఒకవైపు కణితి ఉన్నవారికి శస్త్రచికిత్సను సూచించవచ్చని మార్గదర్శకాలు అంటున్నాయి.

ఈ పరీక్షను మన నేలపై చదివేటప్పుడు రెండు చిక్కులున్నాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ కాలేయంలోని ఎంజైములను ప్రేరేపించి డెక్సామెథసోన్‌ను త్వరగా విచ్ఛిన్నం చేస్తాయి. మాత్ర పనిచేయకముందే కరిగిపోతుంది, కార్టిసాల్ అణగదు, లేని వ్యాధి ఉన్నట్లు ఫలితం వస్తుంది. గర్భనిరోధక మాత్రలు కూడా కార్టిసాల్‌ను మోసే ప్రోటీన్‌ను పెంచి ఇటువంటి తప్పుడు ఫలితమే ఇస్తాయి. క్షయ ఇంతగా ఉన్న దేశంలో పరీక్షకు ముందు రోగి మందుల చీటీని చూడడం తప్పనిసరి.

రెండవ చిక్కు స్టెరాయిడ్లు. కీళ్ల నొప్పులకు, ఆయాసానికి, చర్మవ్యాధులకు వైద్యుని సలహా లేకుండా మందుల దుకాణంలో కొన్న మాత్రలు, పేరు తెలియని పొడులు, వీధి చివర వేయించుకున్న ఇంజెక్షన్లు మన ప్రాంతంలో కొత్త కాదు. ముఖం ఉబ్బి, పొట్ట పెరిగిన రోగికి స్కానులో నాడ్యూల్ కనిపించగానే రెంటికీ ముడిపెట్టడం సహజం. నిజానికి లక్షణాలకు కారణం పొడి కావచ్చు. నాడ్యూల్ కేవలం సాక్షి కావచ్చు. అటువంటివారిలో గ్రంథులు బయటి స్టెరాయిడ్ వల్ల నిద్రాణమై ఉంటాయి. ఆ సంగతి తెలియక గ్రంథిని తొలగించినా, పొడిని హఠాత్తుగా మాన్పించినా ప్రాణాపాయమే. ‘ఇంకేమైనా మందు వాడుతున్నావా అమ్మా?’ అని అడిగితే చాలామంది లేదంటారు, ఎందుకంటే వారి దృష్టిలో పొడి మందు కాదు. ఏ పొడి, ఏ పసరు, ఏ సూది అని విడివిడిగా అడగాలి.

5.2 అడ్రినలిన్ స్రవించే కణితి

ఫియోక్రోమోసైటోమాను కనిపెట్టకుండా సూది గుచ్చినా, మత్తుమందు ఇచ్చినా ఒక్కసారిగా హార్మోను విడుదలై రక్తపోటు విపరీతంగా పెరుగుతుంది. మెదడులో రక్తస్రావం, గుండె లయ తప్పడం జరుగుతాయి. ‘ఏదో గడ్డ ఉంది, ముక్క తీసి పరీక్షకు పంపుదాం’ అన్న ఆలోచన మిగతా అవయవాల విషయంలో సహజమే కానీ, అధివృక్కం విషయంలో ప్రమాదకరం. సాదా స్కానులో సాంద్రత 10 దాటిన ప్రతి కణితికీ ముందుగా రక్తంలో గానీ, 24 గంటల మూత్రంలో గానీ మెటానెఫ్రిన్లను కొలవాలి. తలనొప్పి, గుండె దడ, చెమటలు లేకపోయినా ఈ నియమం మారదు. యాదృచ్ఛికంగా దొరికిన ఫియోక్రోమోసైటోమాలలో చాలావాటికి ఈ లక్షణాలు ఉండవు.

రక్తం తీసే ముందు రోగిని 20 నుంచి 30 నిమిషాలు పడుకోబెట్టాలి. రద్దీ ప్రయోగశాలలలో కూర్చోబెట్టి తీసిన రక్తం అంకెను పెంచి చూపిస్తుంది. కొన్ని మానసిక వ్యాధుల మందులు కూడా అంతే. వ్యాధి ఖాయమైతే శస్త్రచికిత్సకు ముందు 7 నుంచి 14 రోజులు ఆల్ఫా నిరోధక మందులు, ఫినాక్సీబెంజమిన్ లేదా ప్రజోసిన్ వంటివి, ఇచ్చి ఉప్పు, నీరు ధారాళంగా తీసుకోమంటారు. గుండె దడ తగ్గించాలని బీటా నిరోధకాన్ని ముందుగా ఇస్తే రక్తనాళాలు మరింత బిగుసుకుంటాయి. ఆ మందు ఎప్పుడూ రెండవదే.

5.3 ఆల్డోస్టిరాన్

రక్తపోటు ఉన్నవారికి, పొటాషియం తగ్గినవారికి ఆల్డోస్టిరాన్, రెనిన్ నిష్పత్తి పరీక్ష చేయాలి. స్పైరనోలాక్టోన్ వాడుతున్నవారిలో ఫలితాన్ని నమ్మలేము. వల్కల క్యాన్సరు అనుమానం ఉన్నప్పుడు మాత్రమే లైంగిక హార్మోన్ల పరీక్షలు అవసరం.

6. రెండువైపులా పెరిగినప్పుడు: మన దేశపు అధ్యాయం

పాశ్చాత్య గ్రంథాలు రెండు వాక్యాలలో ముగించే విషయం ఇక్కడ విస్తరణకు అర్హం. థామస్ అడిసన్ 1855లో వర్ణించిన అధివృక్క వైఫల్యానికి ఆనాటి ఇంగ్లండులో ప్రధాన కారణం క్షయ. అక్కడ ఆ స్థానాన్ని స్వయంప్రతిరక్షక వ్యాధులు ఆక్రమించాయి. ఇక్కడ క్షయ వెనక్కి తగ్గలేదు. దానికి తోడు హిస్టోప్లాస్మోసిస్ అనే శిలీంధ్ర వ్యాధి రెండు గ్రంథులనూ సెంటీమీటర్ల కొద్దీ ఉబ్బిస్తుంది. స్కానులో ఇవి పెద్దవిగా, సాంద్రమైనవిగా, మధ్యలో కుళ్లినట్లుగా కనిపించి పాకిన క్యాన్సరును తలపిస్తాయి. బరువు తగ్గిన 55 ఏళ్ల పురుషునికి ఇటువంటి స్కాన్ చూసి ‘చివరి దశ’ అని ఇంటికి పంపితే, నయమయ్యే వ్యాధితో అతడు మరణిస్తాడు.

ఇక్కడ ప్రశ్న తలకిందులవుతుంది. హార్మోను ఎక్కువైందా అని కాక, తక్కువైందా అని ముందు అడగాలి. నీరసం, వాంతులు, లేచి నిలబడితే కళ్లు తిరగడం, ఉప్పు తినాలనే కోరిక ముఖ్య సూచనలు. చర్మం నల్లబడడం నల్లని దేహచ్ఛాయ గలవారిలో తేలికగా కనిపించదు. చిగుళ్లు, నాలుక, అరచేతి గీతలు చూడాలి. ఉదయపు కార్టిసాల్, ఎ.సి.టి.హెచ్. కొలవాలి. సందేహం ఉంటే ఎ.సి.టి.హెచ్. ఉద్దీపన పరీక్ష చేయాలి. మన దేశంలో దీనికి దీర్ఘకాలం పనిచేసే ఆక్టన్ ప్రొలాంగేటమ్ ఇంజెక్షన్‌ను కూడా వాడుతున్నారు. ఇదే సందర్భంలో, మెటానెఫ్రిన్లు సరిగా ఉన్నాయని తేల్చుకున్న తరువాత, సూదితో ముక్క తీయడం సమంజసం అవుతుంది.

వైఫల్యం ఉన్న క్షయ రోగికి రిఫాంపిసిన్ మొదలుపెట్టే ముందే హైడ్రోకార్టిసోన్ ఇవ్వాలి. ఆ మందు శరీరంలో మిగిలిన కొద్దిపాటి కార్టిసాల్‌ను కూడా వేగంగా ఖర్చు చేయించి, రోగిని అడ్రినల్ సంక్షోభంలోకి నెడుతుంది. క్షయ మందులు మొదలుపెట్టిన కొద్ది రోజులకే రోగి వాంతులతో కూలిపోతే ‘మందులు పడలేదు’ అనుకోవడం పరిపాటి. బి.పి., సోడియం చూసినవారికి అసలు కారణం తెలుస్తుంది. హైడ్రోకార్టిసోన్ ఇప్పటికే వాడుతున్నవారికి మోతాదు పెంచవలసి ఉంటుంది. వీటన్నిటితో పాటు, రెండువైపులా కణితులున్నవారిలో పుట్టుకతో వచ్చే ఎంజైము లోపాన్ని తెలుసుకోవడానికి 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ కూడా కొలవాలి.

7. శస్త్రచికిత్స, ఆ తరువాత

మిషెల్ గాన్యే 1992లో ఉదరదర్శిని ద్వారా అధివృక్కాన్ని తొలగించే పద్ధతిని ప్రకటించిన తరువాత ఈ శస్త్రచికిత్స సులువైంది. సులువు కావడం వల్లనే అక్కరలేని చోట కూడా చేసే ప్రలోభం పెరిగింది. హార్మోను స్రవించని, సాంద్రత తక్కువగా ఉన్న 23 మి.మీ. కణితిని తీయవలసిన పని లేదు. క్యాన్సరు అనుమానం ఉన్నా 6 సెం.మీ. లోపు ఉండి చుట్టూ పాకకపోతే ఉదరదర్శిని పద్ధతి తగినది. పాకితే పొట్ట తెరచి, పైపొర చిట్లకుండా తీయాలి. చిట్లితే క్యాన్సరు కడుపులో చల్లినట్లే.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సల కోసం రూపొందింది. ఈ సమస్యలో బరువంతా శస్త్రచికిత్సకు ముందున్న పరీక్షల మీద ఉంటుంది. మన ఉదాహరణలోని గృహిణికి సాంద్రత 8 అని తేలితే మెటానెఫ్రిన్ల పరీక్షే అక్కరలేదు, బి.పి. లేకపోతే ఆల్డోస్టిరాన్ పరీక్ష కూడా వద్దు. ఒక డెక్సామెథసోన్ మాత్ర, ఒక రక్తపరీక్ష మిగులుతాయి. అదే అంకెను రిపోర్టులో రాయకపోతే ఆమె మళ్లీ స్కాన్, ఎం.ఆర్.ఐ., ఖరీదైన హార్మోను పరీక్షల వరుసలో నిలబడవలసి వస్తుంది.

కార్టిసాల్ స్రవించే కణితిని తీసినప్పుడు రెండవవైపు గ్రంథి నిద్రాణంగా ఉంటుంది. అది మేల్కొనడానికి సాధారణంగా నెలలు పడుతుంది. అంతవరకు శస్త్రచికిత్స సమయం నుంచే హైడ్రోకార్టిసోన్ ఇవ్వాలి. జ్వరం వచ్చినప్పుడు మోతాదు పెంచుకోవాలని, వాంతులైతే మాత్ర బదులు ఇంజెక్షన్ కావాలని రాసిన చీటీ రోగి దగ్గర ఎప్పుడూ ఉండాలి. డిశ్చార్జి కాగితాలు ఆంగ్లంలోనే ఉంటాయి. బన్సీలాల్‌పేట్, భోలక్‌పూర్ ఇళ్లలో ఆ చీటీని అర్ధరాత్రి చదవవలసినవారు తెలుగో, ఉర్దూనో చదివేవారు కాబట్టి, దానిని ఆ భాషలలోనే రాసి ఇవ్వాలి.